బడి వేడుకయు, తల్లి చూపును

సంక్రాంతి సెలవులకు ముందు దినములలో మా తాటిపాక వీధులయందు రెండు విధములైన సందడి వినబడుచుండును. ఒకటి, తెల్లవారుజామున హరిదాసుగారి చిడతల చప్పుడు. రెండవది, సాయంకాలమున బడులనుండి వచ్చు డప్పుల మ్రోత, పిల్లల పాట, నడుమనడుమ ‘హలో, మైక్ టెస్టింగ్’ అను కేక. సెలవులిచ్చుటకు ముందు ఒక సాయంకాలము వేదిక కట్టి, పిల్లలచేత ఆటపాటలాడించి, తల్లిదండ్రులను పిలుచుట ఇప్పుడు మా వైపున చిన్న బడి, పెద్ద బడి అను భేదము లేక ఆచారమైనది. ఈ మాసము మేము దానిని గూర్చియే ముచ్చటింపదలచితిమి. పిండివంటలను గూర్చి వ్రాయుమని అడిగిన సోదరీమణులు వచ్చు సంచికవరకు ఓపిక పట్టుదురుగాక.

ఇది మన పూర్వులెరుగని సంగతి కాదు. వీధిబడుల కాలమున ఈ వేడుక దసరాకు జరుగుచుండెడిది. నవరాత్రులలో పంతులుగారు పిల్లలను వరుసగా నిలిపి, వారి చేతులకు రంగుకాగితములు చుట్టిన వెదురు విల్లంబులిచ్చి, ఇంటింటికిని వెంటబెట్టుకొని పోయెడివారు. పిల్లలు గడపముందు నిలిచి దసరా పద్యములు చదివెడివారు. విల్లంబులతో పువ్వులును బుక్కాయు చల్లెడివారు. ఇంటి యజమాని పంతులుగారికి తాహతు కొలది రూపాయియో, పంచెల చాపో ఇచ్చి, పిల్లల దోసిళ్లలో పప్పుబెల్లములు పోయించెడివాడు. జీతము సరిగా ముట్టని ఆ కాలపు పంతుళ్లకు ఆ మామూలే సంవత్సరపు బట్టల ఖర్చు. మేము బడిపంతులుగారి ఇంట కాపురము చేయుచున్నవారము గనుక ఈ సంగతిని అత్తగారి నోటను వింటిమి. పప్పుబెల్లములు పిల్లలకు తీపిగాని, పంతులుగారి భార్యకు ఆ పది దినములును అప్పుల లెక్కలే యని ఆమె అనుచుండెడిది.

ఆ యాచారములో మాకు మెచ్చదగినదిగా తోచునది మామూలు కాదు. ఇల్లు వెడలని ఆ కాలపు ఇల్లాలు తన బిడ్డ నలుగురిలో నిలిచి పద్యము చదువుచుండగా తలుపు చాటుననుండి కన్నులార చూడగలిగెడిది. తల్లి బడికి పోవలసిన పని లేకుండెను. బడియే తల్లి యొద్దకు వచ్చెడిది. సోదరీమణులు ఈ మాటను మనసునందుంచుకొనవలెను. దీనితో ముందు పని యున్నది.

తరువాత వేదికలు వచ్చినవి. 1880వ సంవత్సరమున రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగముగారు తమ విద్యార్థులచేత ‘వ్యవహార ధర్మబోధిని’ని ఆడించిరి. తెలుగున నేటి తీరు నాటక ప్రదర్శనమునకు అదియే మొదలని చెప్పుదురు. వారి జన్మదినమైన ఏప్రిలు 16వ తేదీయే తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుగుచున్నది. మన రంగస్థలము బడిపిల్లల చేతులలో పుట్టినదన్నమాట! ఆ దినములలో ఆడువేషములును మగవారే కట్టవలసియుండెను. సత్యభామ వేషమునకు పేరొందిన స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. ఇప్పుడు మా బడులలో మగవేషములు సయితము ఆడుపిల్లలే కట్టుచున్నారు. ఏమమ్మా యని అడిగిన, చెప్పిన మాట వెంటనే పట్టుకొనునది వారే గదా యని ఉపాధ్యాయినులు నవ్వుదురు.

రేడియో వచ్చిన పిమ్మట న్యాయపతి రాఘవరావుగారును కామేశ్వరిగారును ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’ అను పేర్లతో పిల్లల కార్యక్రమములు నడిపిరి. 1945లో ‘బాల’ పత్రికను స్థాపించిరి. పిల్లల పాటను పిల్లల గొంతుననే వినవలెనని దేశమునకు నేర్పినవారు వారు. కనబడని బిడ్డ గొంతును దూరమునుండి విని సంతోషించుట కూడ అప్పటినుండియు తల్లులకు అలవాటైనది.

ఇక మొన్నటి సంగతి. మా రెండవ అమ్మాయి నాలుగవ తరగతి చదువుచున్నది. ఆ బడి మావారు పనిచేయు బడి కాదు. దాని పేరు చెప్పవలసిన పనియు లేదు. ఏలయన మేము చెప్పబోవు లోపము ఒక్క బడికి చెందినది కాదు. మా అమ్మాయి ముగ్గుల పాటలో ఉన్నది. మా వీధి చివర నున్న ఒక పెద్దామె మనుమరాలును అదే తరగతి. ఆ పిల్ల తల్లి కువైట్టునకు ఇంటిపనికి పోయి మూడేండ్లయినది. కోనసీమయందు ఇట్టి ఇండ్లు ఎన్ని యున్నవో ఇచ్చటి సోదరీమణులకు మేము చెప్పనక్కరలేదు. దూరమున నున్న పాఠకురాండ్ర కొరకు మాత్రము చెప్పుచున్నాము. చుట్టును గోదావరి పాయలు, కొబ్బరితోటలు, పచ్చని చేలు చూచి ఇది కలవారి సీమ యనుకొందురు. తోట యొకరిది, దింపు కూలి యొకరిది. కూలియింటి ఆడువారు కువైట్టు, ఒమాను, కతారు దేశములకు పోయి, అచ్చట వండి, తుడిచి, పరుల పిల్లలను పెంచి, ఆ డబ్బుతో ఇచ్చట తమ పిల్లలను చదివించుచున్నారు. చదువు తక్కువగా నుండి, అనుమతి ముద్ర వలసిన పాస్‌పోర్టు గల స్త్రీ 30 యేండ్లు నిండనిదే ఆ దేశములకు ఇంటిపనికి పోరాదని మన ప్రభుత్వ నిబంధన. ముప్పది యేండ్లనగా సరిగా బిడ్డలు బడికి పోవు వయస్సు.

వేడుకకు ముందునాడు ఆ పెద్దామె మా వాకిటికి వచ్చినది.

“అమ్మాయిగారండీ, ఈ ఫోను ఎలా పట్టుకుంటే స్టేజీ అంతా కనపడుద్దో కాస్త చూపించండి. రేపు ఆళ్లమ్మకి చూపించాలి.”

“ఏం వేషం కడుతోంది మామ్మగారూ, మనవరాలు?”

“గంగిరెద్దండి.”

“ఆడించేవాడా, ఎద్దా?”

“ఎద్దేనండి. ముందు కాళ్లు వేరే పిల్ల. మనది ఎనక కాళ్లు.”

ఆమె ఈ మాటను ఎంత గంభీరముగా చెప్పినదనగా, మేము పెదవి బిగబట్టి నవ్వు ఆపుకొంటిమి. ఫోను అడ్డముగా పట్టుకొనవలెనని, వ్రేలు కన్నుమీద పడరాదని చూపితిమి. కూతురు తన యజమానురాలిని బతిమాలి అరగంట సెలవు అడిగినదట. అచ్చట మూడు గంటలనుండి మూడున్నర వరకు. కువైట్టు గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక గనుక, ఇచ్చట అయిదున్నర మొదలు ఆరు వరకు అనుట. వేడుక అయిదు గంటలకని కార్డులో అచ్చువేసిరి. గంగిరెద్దు మూడవది. లెక్క సరిపోయినది.

లెక్క సరిపోయినది గాని, వేదికమీద ఏడు కుర్చీలు వేసియున్నవి. అతిథులు వచ్చుసరికి అయిదుంబావు దాటినది. జ్యోతి వెలిగించుట, ఒక్కొక్కరిని పిలుచుట, దండ వేయుట, శాలువ కప్పుట, ఫొటో తీయుట, తరువాత ఒక్కొక్కరు మాటలాడుట. పిల్లలకొరకు తల్లులు సమయము కేటాయింపవలెనని ఒక పెద్దమనిషి ఇరువది నిమిషములు ఉపన్యసించెను. మేము గడియారము చూచియే చెప్పుచున్నాము. వేదిక వెనుక బొంతలు కప్పుకొన్న గంగిరెద్దు ఉక్కకు చెమటలు కారుచు కూర్చుండెను. భోగిమంటగా ఎర్ర కాగితములు కట్టుకొన్న ఒకటవ తరగతి పిల్లవాడు, పాపము, ఆరకముందే నిద్రపోయెను.

పెద్దామె రెండవ వరుసలో కూర్చుండి, చేయి యెత్తి ఫోను పట్టుకొనియే యున్నది. కుడిచేయి నొప్పిపుట్టిన ఎడమచేతికి, ఎడమచేయి నొప్పిపుట్టిన కుడిచేతికి మార్చుకొనుచుండెను. ఆ చిన్న అద్దములో కూతురు కనబడుచుండెను. తలకు గుడ్డ కట్టుకొని, ఒక వంటయింటి మూల నిలిచియుండెను. ఆ అరగంటలో ఆమె చూచినవి ఏడు దండలును, ఏడు శాలువలును. ఆరు కొట్టగానే, “పెద్దావిడ పిలుస్తోందమ్మా” అన్న మాట వినబడి, అద్దము నల్లబడినది. పెద్దామె చేయి దింపి, ఫోనును కొంగున తుడిచి రొంటిని దోపుకొన్నది. ఏమియు అనలేదు.

గంగిరెద్దు ఏడు గంటలకు పది నిమిషములుండగా వచ్చినది. వెదురుబద్దల గూడు, దానిమీద పాత చీరెల బొంత, అట్టతో చేసిన తల, కొమ్ములకు మువ్వలు. ఆడించువాడు ‘అయ్యగారికి దండం పెట్టు’ అనగానే ముందు కాళ్లు వంగినవి. వెనుక కాళ్లును వంగినవి. ‘గుండ్రంగా తిరుగు’ అనగా ముందు కాళ్లు ఎడమకును, వెనుక కాళ్లు కుడికిని తిరిగినవి. సభయంతయు నవ్వినది. ఆ నవ్వు తనకు మెప్పనుకొని వెనుక కాళ్లు మరల అట్లే తిరిగినవి. మా అమ్మాయి ముగ్గుల పాటకంటె ఆ యెద్దే సభను గెలిచినదని తల్లినైనను ఒప్పుకొనవలసియున్నది.

ఒక చిన్న ఉపాధ్యాయిని దానినంతయు తన ఫోనులో పట్టి, ఆ రాత్రియే కువైట్టునకు పంపినది. ఆమె పేరు వ్రాయలేదు గాని, ఆమెకు మా నమస్కారము. అచ్చట పని ముగియుసరికి రాత్రి పదకొండు, ఇచ్చట ఒంటిగంటన్నర. మరునాడు పెద్దామె వచ్చి చెప్పినది:

“పోల్చేసిందండి అమ్మాయిగారూ! కాళ్లు చూసి పోల్చేసింది. ఎడం కాలి పట్టీకి మువ్వ ఊడిపోయిందికదండీ, అది చూసింది. కొత్త పట్టీలు పంపుతానందండి.”

మాకు వెంటనే ఉత్తరకాండ జ్ఞప్తికి వచ్చినది. తలిదండ్రులు చూచు సభలో పిల్లలు పాడిన కథలలో దానిని మించినది మన వాఙ్మయమున లేదు. అశ్వమేధ సమయమున వాల్మీకి మహర్షి కుశలవులను పంపుచు, దినమునకు ఇరువది సర్గలు పాడుడనియు, ధనము పుచ్చుకొనవలదనియు, ఎవరి బిడ్డలని అడిగిన వాల్మీకి శిష్యులమని మాత్రము చెప్పుడనియు బోధించెను. రాముడు 18 వేల సువర్ణములు ఇప్పింపబోగా, అడవిలో కందమూలములు తినువారము, మాకు బంగారమేల యని ఆ బాలురు కాదనిరి. తన పోలికయే ఎదుట నిలిచి పాడుచున్నను, వారు సీత బిడ్డలని ఆ తండ్రికి కథ విన్న పిమ్మటగాని తెలియలేదు. తల్లికి ఆ సభలో చోటే లేకపోయెను. ఈ కథను 1934లో ఒకమారు, 1963లో రంగులతో మరియొకమారు సినిమాగా తీసిరి. రెండవదానిలో కుశలవుల పాటలు పాడినవారు లీల, సుశీల గారలు. ఆ పాటలు వినునపుడెల్ల మేము, ఆ తల్లి ఆశ్రమమున ఏమి చేయుచుండెనో యని తలచుచుందుము.

ఇంటిలో ఈ మాట వచ్చినపుడు మావారు ఒప్పుకొనలేదు. వారి వాదము వినదగినదే. “ఆ యేడుగురిలో ఒకరు ఫ్యానులు ఇచ్చిరి, ఒకరు బల్లలు చేయించిరి, ఒకరు మంచినీళ్ల యంత్రము పెట్టించిరి. పిల్లల ఆటల తరువాత మాటలాడుమన్న, అప్పటికి సభలో ఎవరుందురు? వట్టి కుర్చీలకు ఉపన్యసించిన దాత మరుసటి యేడు రాడు” అనిరి. ఇది నిజము. తన పిల్లవాని ఆట ముగియగానే చాప దులుపుకొని లేచిపోవు తల్లులను మేమును చూచితిమి. అట్టివారు ఇతరుల పిల్లలకును, దాతలకును ఒకేమారు అవమానము చేయుచున్నారు. కాని దానికి మందు చిన్నపిల్లలను రెండు గంటలు బొంతలలో కూర్చుండబెట్టుట కాదు. మొదట చిన్న తరగతుల ఆటలు కానిండు. తరువాత సన్మానము; ఒక్కొక్కరు అయిదు నిమిషములు. పిమ్మట పెద్ద తరగతుల నాటకములు. అప్పుడు సభయు నిలుచును, శాలువయు నిలుచును. మావారు దీనికి ‘చూతము’ అనిరి. పదునాలుగేండ్ల కాపురములో వారి ‘చూతము’ సగము ఒప్పుదల యని మాకు తెలియును.

మరియొక సంగతి వారము. కువైట్టులో 2015వ సంవత్సరపు 68వ చట్టము ఇంటిపనివారికి వారమునకొక దినము సెలవును, దినమునకు 12 గంటలకు మించని పనిని విధించినది. చట్టములో నున్నదంతయు ప్రతి యింట జరుగునని మేమనము. అయినను, సెలవు దొరకిన తల్లులకు అది అచ్చటి వారాంతమైన శుక్రవారమున దొరకుట ఎక్కువ. మా బడి వేడుక మంగళవారము జరిగినది. శుక్రవారము పెట్టినచో ఇచ్చట ఎవరికి నష్టము? శుక్రవారము సాయంకాలము లక్ష్మీపూజ గల ఇల్లాండ్రు వేగిరముగా దీపము పెట్టి రావచ్చును.

వేషముల ఖర్చును గూర్చి రెండు మాటలు. అద్దె బట్టలకు అమలాపురమునకు పోయి, ఒక్క పాటకు ఇంత యని కట్టుట కూలియింటివారికి భారము. గంగిరెద్దు వేషమునకు ఒక్క పైసా కాలేదు. పాత చీరెలు, అట్ట, వెదురు. సభ మెచ్చినదియు దానినే. ప్రభలు కట్టు సీమలో వెదురు, రంగుకాగితము దొరకుట కరవా? కనుమనాడు మొసలపల్లి జగ్గన్నతోటలో పదునొకండు గ్రామముల రుద్రులు కూడు ప్రభలతీర్థమును మన రాష్ట్రము 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీ వీధులలో శకటముగా చూపినది. దానిని మన పిల్లలు వేదికమీద కట్టి చూపిన నెంత బాగుండును! గుడి లేని ఆ కొబ్బరితోటకు ప్రభలు చేలమీదుగా, కౌశిక నీటిని దాటి, మనుష్యుల భుజములమీద వచ్చునని మా అమ్మాయికి తెలియదు. సినిమా పాట అడుగులు మాత్రము తెలియును.

సినిమా పాట యనగానే, ఆడుపిల్లలు ఆడరాదని మేము అనుచున్నామని అనుకొనవలదు. విరాటరాజు కూతురగు ఉత్తర నర్తనశాలలో బృహన్నలయొద్ద ఆట నేర్చినది. దానికి భారతమున ఎవరును ముక్కుమీద వ్రేలు వేసికొనలేదు. తొమ్మిదేండ్ల పిల్లకు తగని మాటలు గల పాట తగదనియే మా అభిప్రాయము. పాటను ముందుగా తల్లులకు వినిపించిన ఈ చిక్కు ఉండదు.

సభకు పోవు తల్లులకు ఒక మనవి. వేదికమీదికి వచ్చిన బిడ్డ మొదట వెదకునది తల్లి ముఖమును. ఆ ముఖమునకు అడ్డముగా ఫోను ఉన్నచో బిడ్డకు మీ చేతి గాజులు మాత్రము కనబడును. తల్లి ఎదుట లేని బిడ్డ సంగతి వేరు. ఆ ఫోనే తల్లి. అట్టివారిని ముందు వరుసలో కూర్చుండనిచ్చి, వారి వెనుక మనము కూర్చుందము. మన పిల్లల ఆటను ఒకరు తీసి అందరికిని పంపిన చాలును. తండ్రులను గూర్చి ఏమి వ్రాయుదుము! ఆ సాయంకాలము సభలో ఇరువది మందికంటె లేరు. అందు సగము గోడకు చేరగిలి ధాన్యపు డబ్బు ఎప్పుడు పడునని మాటలాడుకొనుచుండిరి.

మేము పైన చెప్పిన మార్పులను ఎవరిని అడుగవలెను? ఇది మన చేతిలోనే యున్నదని చాలమంది తల్లులెరుగరు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టమునుబట్టి ప్రభుత్వ పాఠశాలలయందును, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలయందును యాజమాన్య సంఘముండవలెను. అందులో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులో, సంరక్షకులో కావలెను. సభ్యులలో సగము స్త్రీలుండవలెను. 2024 డిసెంబరు 7వ తేదీనాడును, 2025 జూలై 10వ తేదీనాడును మన రాష్ట్రమున ప్రభుత్వ బడులన్నింట ఒకేసారి తల్లిదండ్రుల సమావేశములు జరిగినవి. మేము రెండింటికిని పోతిమి. తల్లులు చాలమంది వచ్చి, కుర్చీలు నిండ కూర్చుండి, నోరు విప్పక మరలిరి.

చట్టములోని ‘సంరక్షకులు’ అను మాటను పెద్దామెకు చదివి వినిపించి, మనుమరాలిని పెంచుచున్న మీరును అందులోనివారే అని చెప్పితిమి. ఆమె చాలసేపు ఆలోచించి, “అయితే నా పేరు రాయండి” అన్నది. సెలవులు ముగిసి బడి తెరచిన పిమ్మట జరుగు సమావేశమునకు ఒక అర్జీ వ్రాసితిమి: చిన్నపిల్లల ఆటలు ముందు, సన్మానము తరువాత, వేడుక శుక్రవారమున. క్రింద ఇప్పటికి తొమ్మండుగురు తల్లుల సంతకములును, ఇద్దరు మామ్మల వ్రేలిముద్రలును పడినవి. కువైట్టులోని ఆమె సంతకము ఎట్లు తెప్పింపవలెనని అడుగగా, కాగితమును ఫొటో తీసి పంపుమన్నది. అరగంటలో అది సంతకముతో తిరిగి వచ్చినది. పట్టీలు ఇంకను రావలసియున్నవి.